కొంచెం జలుబే

3, సోమవారం

ఈ వయసులో నన్ను కెమెరా ముందు నిలబెడతారట! "ఎవరికీ తెలియని ఉద్యోగాలు" అని టీవీకి డాక్యుమెంటరీలు తీసేవాళ్ళు మా ఆఫీసుకి వస్తున్నారు. ఇంతవరకూ గాజుకళ్ళకి రంగులు వేసే ఒకాయన్నీ, పరుపుల కంపెనీలో రోజంతా పడుకుని జీతం పుచ్చుకునే ఒక మహానుభావుణ్ణీ తీశారట. వాళ్ళ తరవాత మేము.

"మీరేం చేస్తారు?" అని అడిగితే తడబడకుండా చెప్పాలి కదా. ఇక్కడ ఒకసారి చెప్పి చూసుకుంటాను. నేను చంకలు వాసన చూస్తాను. ఛ, అలా మొదలుపెడితే కెమెరా సర్దుకుని వెళ్ళిపోతారు. చెమట కంపు పోగొట్టే స్ప్రేలూ క్రీములూ తయారుచేసే కంపెనీ మాది. అవి నిజంగా పనిచేస్తున్నాయో లేదో ముక్కు చెప్పినంత బాగా ఏ మిషనూ చెప్పలేదు. అందుకని మనుషుల్ని పిలిచి, ఒక చంకకి మందు కొట్టి, రెండోది వదిలేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గంటకోసారి వాసన చూసి మార్కులు వేస్తాం. ఏ చంకకి మందు కొట్టారో మాకు చెప్పరు. సున్నా అంటే ఏమీ లేదు. పది అంటే పరుగెత్తు. ఇరవై రెండేళ్ళుగా నా వృత్తి ఇదే.

బాగానే వచ్చింది. కాకపోతే టీవీలో వస్తే మా ఆడపడుచు చూస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆయన వాళ్ళ చెల్లెలితో "ల్యాబులో పరిశోధన" అని చెప్పారు. ఆ అబద్ధానికి కూడా ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, పెళ్ళీడుకొచ్చింది. ఆవిడేమో కనపడ్డవాళ్ళందరికీ "మా వదిన సైంటిస్టు" అని చెప్పుకు తిరుగుతోంది. షూటింగు సంగతి విన్న దగ్గర్నుంచీ ఆయన తేలు కుట్టిన దొంగలా ఉన్నారు.

జుట్టుకి రంగు వేయించుకోవాలి.

కొంచెం జలుబుగా ఉంది. పోయిన నెల జ్వరం తాలూకు. రెండు రోజుల్లో పోతుంది.

4, మంగళవారం

రంగు కుదరలేదు. నుదుటి మీద కూడా పడింది. జలుబు అలాగే ఉంది.

6, గురువారం

వచ్చారు. ఇద్దరే. తీసే అమ్మాయికి మొహం కంటే కళ్ళజోడు పెద్దది. కెమెరా పట్టుకునే అతను ఎంత బక్కగా ఉన్నాడంటే, కెమెరాయే అతన్ని మోస్తోందేమో అనిపిస్తుంది. మేనేజరు గారు కొత్త చొక్కా వేసుకొచ్చి, ఎవరూ అడగకుండానే కంపెనీ చరిత్ర అంతా చెప్పారు.

మా జట్టులో ముగ్గురం. నేను. వచ్చే ఏడాది రిటైరవబోయే తాతగారు. ఆయన అసలు పేరు జీతాల విభాగం వాళ్ళకే గుర్తుంటుంది. పోయిన సంవత్సరం చేరిన కొత్తపిల్ల, నన్ను ఆంటీ అంటుంది. ఇవాళ ముగ్గురం వరసగా ముక్కులు వంచి పనిచేస్తుంటే బక్కాయన చుట్టూ తిరిగి తీశాడు. పాపం చంకల వాళ్ళు కూడా జుట్టు దువ్వుకుని వచ్చారు. వాళ్ళని చూపించేది భుజం కిందే అని ఎవరూ చెప్పినట్టు లేదు.

కళ్ళజోడమ్మాయి అన్నీ అడిగింది. వాసన సబ్బు వాడకూడదా? వాడకూడదు. ఉల్లిపాయ? పని ఉన్న రోజు ముట్టం. రోజుకి వంద చంకలు చూస్తే ముక్కు అలిసిపోదా? పోతుంది, అప్పుడు మన మోచేతి మడత మనమే వాసన చూసుకుంటాం, ముక్కు మళ్ళీ తేరుకుంటుంది. ఆ పిల్ల కళ్ళు కళ్ళజోడుని మించి పెద్దవయ్యాయి. నాకు భలే గర్వంగా అనిపించింది.

చివర్లో, "మీ పనిలో బయటికి తెలియని సంగతి ఏమిటండీ?" అని అడిగింది.

"ప్రతి మనిషికీ ఒక సువాసన ఉంటుందమ్మా, మనసుతో చూడాలి" అన్నాను.

ఏం మాట అది! ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలియదు. తాతగారు దగ్గినట్టు నటించి నవ్వుకున్నారు.

7, శుక్రవారం

సాయంత్రం మేనేజరు గారు గదికి పిలిచారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన ఏటేటా జరిగే ముక్కు పరీక్ష ఉంది. పన్నెండు సీసాలు పెడతారు, ఏది ఏమిటో చెప్పాలి. చెప్పలేనివాళ్ళు ఆ సాయంత్రమే కింద ప్యాకింగులో తేలతారు. దాని గురించే అనుకున్నాను. కాదు, మెచ్చుకోవడానికట.

"మేడమ్, ఇన్నేళ్ళలో మీ ముగ్గురి మార్కులు ఇంత చక్కగా కలవడం ఇదే మొదటిసారి. ఇదివరకు మీరెప్పుడూ ఒక మార్కు అటో ఇటో లాగేవారు. ఇప్పుడు చూడండి, ఐదంటే ముగ్గురికీ ఐదే! అనుభవం అంటే ఇదీ!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదివరకు ఒక మార్కు ఎందుకు లాగేదాన్నంటే, వాళ్ళకి అందనిది నాకు అందేది కాబట్టి. చెమట కింద ముందు రోజు తాగిన మందు, దాని కింద భయం, అన్నీ తెలిసేవి. ఇప్పుడు ఎందుకు కలుస్తున్నాయంటే, జలుబు తగ్గేదాకా ఏదో కాలక్షేపానికి తాతగారి ఎడమ కనుబొమ్మ చూసి వేస్తున్నాను కాబట్టి. అది కొంచెం లేస్తే నాలుగు. బాగా లేస్తే ఏడు. కదలకపోతే ఒకటి. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న కనుబొమ్మ అది, తప్పు చెప్పదు.

ఇందులో మోసం ఏముంది. జలుబే కదా. జ్వరం మేనేజరు గారు ఏదో మీటింగుకి వెళ్ళి తెచ్చుకుని, ఎవరినీ చిన్నబుచ్చకుండా ఆఫీసులో అందరికీ పంచారు. మిగతావాళ్ళు లేచి తిరగడం లేదూ? నాకొక్కదానికే ఇంకా వదల్లేదు.

10, సోమవారం

ఇవాళ కొంప మునిగేది.

బక్కాయన నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఒక్క మాట. మీరు వాసన చూస్తున్నంతసేపూ తాతగారి వైపే చూస్తున్నారు. దగ్గర్నుంచి తీస్తుంటే తెలిసిపోతోంది. కళ్ళు మూసుకుంటే అందంగా ఉంటుంది" అన్నాడు.

ముచ్చెమటలు పోశాయి. చెమటల కంపెనీలో అదేం పెద్ద విశేషం కాదు గానీ. "సరే నాయనా" అని కళ్ళు మూసుకున్నాను. ఇంకేముంది, కనుబొమ్మ కనపడదు. చేతికొచ్చిన అంకె వేశాను.

విచిత్రం ఏమిటంటే, నావి ఒక్కటే కాదు, ముగ్గురివీ చిందరవందర అయిపోయాయి. ఒకే చంకకి నాది ఎనిమిది, తాతగారిది రెండు, కొత్తపిల్ల ఐదు వేసి, కొట్టేసి, ఆరు వేసి, మళ్ళీ కొట్టేసింది. మేనేజరు గారు లైట్ల వేడికి అలా అయిందన్నారు. తాతగారు కూడా లైట్లే అన్నారు. కొత్తపిల్ల అయితే లైట్ల మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది.

నా తప్పుకి వాళ్ళు కూడా తికమకపడ్డారు, పాపం.

కళ్ళజోడమ్మాయి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, బయటికి తెలియని సంగతి ఏమిటని. "మా కష్టం" అన్నాను. ఆ అమ్మాయి మొహమాటానికి తలాడించింది. బాగాలేదని నాకూ తెలుసు.

12, బుధవారం

కాఫీ పొడి డబ్బాలో ముక్కు పెట్టి పదిసార్లు పీల్చాను. పదకొండోసారి దగ్గొచ్చి వంటగదంతా పొడే. జలుబు బాగా పట్టేసింది.

13, గురువారం

మా ఇంట్లో ఏది బాగుందో ఏది పాడైందో తేల్చేది నేనే. పాలయినా, పండయినా, ఫ్రిజ్‌లో మూలకి చేరిన గిన్నె అయినా, మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి నిలబడతారు. నేను ఊ అంటే తింటారు, ఊహూ అంటే పారబోస్తారు. పెళ్ళయి వెళ్ళిపోయిన మా అమ్మాయి కూడా ఫోనులో వాసన పంపలేకపోతున్నానని బాధపడుతుంది.

ఇవాళ రాత్రి అత్తయ్యగారు గిన్నె తెచ్చి, "ఇది మొన్నటి కూరేమోనే, చూడు" అన్నారు. చూశాను. ఏమీ లేదు. బాగానే ఉందత్తయ్యా అన్నాను.

ఏమీ లేదంటే బాగున్నట్టే కదా.

14, శుక్రవారం

అత్తయ్యగారికి తెల్లారగట్ల నుంచి వాంతులు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, బక్కెట్టు ముందు కూర్చుని వణికిపోయారు. డాక్టరొచ్చి సూదిమందు వేసి, సెలైను పెట్టి, ఏం తిన్నారని అడిగారు. మా ఆయన చెప్పారు: "తిండిలో తేడా లేదండీ. మా ఆవిడ చూసే ఇచ్చింది. ఆవిడ ముక్కు తప్పు చెప్పదు. నీళ్ళలో ఏదో ఉండాలి." అని పైకెక్కి ట్యాంకు కడగడం మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, గంటన్నర ట్యాంకులో దిగి తోమారు.

నేను కింద నిలబడి బ్రష్షు అందించాను.

15, శనివారం

అత్తయ్యగారు కోలుకున్నారు. పక్క మీద కూర్చుని, నన్ను తలుపు వేసి రమ్మన్నారు.

"ముక్కు ఎప్పుడు పోయిందే?" అన్నారు.

"అబ్బే, కొంచెం జలుబు..."

"జలుబు నాకు తెలీదా? ఒక్క తుమ్ము తుమ్మావా నెల రోజుల్లో? నా మోకాలి మందు కంపు భరించలేక ఎప్పుడూ కిటికీలు తెరిచేదానివి. పోయిన నెల నుంచీ ఒక్కసారి తెరిచావా? అనుమానమొచ్చి రోజూ రెట్టింపు రాసుకున్నా. మీ ఆయన ముక్కు మూసుకుని తిరుగుతున్నాడు గానీ, నువ్వు నా పక్కనే కూర్చుని హాయిగా బఠాణీలు వలుస్తున్నావు."

దొరికిపోయాను. ఈవిణ్ణి మా కంపెనీలో పెడితే మా ముగ్గురి ఉద్యోగాలూ గల్లంతే.

"తెలిసీ ఆ కూర ఎందుకు తిన్నారత్తయ్యా?" అన్నాను.

"నాకు తెలీట్లేదత్తయ్యా అంటావనుకున్నానే. దానికోసమే తెచ్చా గిన్నె. నువ్వు బాగుందన్నావు. అప్పుడనుకున్నా, ఓహో, వాసన తిరిగొచ్చింది కాబోలు, నేనే పొరపాటు పడ్డానని. తెలియకపోతే తెలియదంటావు గానీ, నా నోట్లోకి వెళ్ళేదానికి అబద్ధం చెప్తావని ఎలా అనుకుంటాను?"

తిట్టినా బాగుండేది. ఈవిడ నోరు ఎంత పెద్దదో వీధి మొత్తానికి తెలుసు, ఇవాళే మెత్తగా మాట్లాడాలా! ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. "ఊరుకో, చచ్చానా ఏమన్నా" అని తల మీద ఒక మొట్టికాయ వేశారు.

16, ఆదివారం

రేపు ఆఖరి ఇంటర్వ్యూ. ఏం కట్టుకోవాలో ఆలోచించలేదు.

ఆయనకి చెప్పేశాను. "ట్యాంకు ఎలాగూ కడగాల్సిందేలే" అన్నారు. కాసేపయ్యాక వచ్చి, "మరి నీకు భోజనం రుచి కూడా తెలియట్లేదా?" అని అడిగారు. అది మాత్రం ఎవరూ అడుగుతారనుకోలేదు. తల ఊపాను.

17, సోమవారం

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పరీక్ష గదిలో ముగ్గురినీ స్టూళ్ళ మీద కూర్చోబెట్టారు. బయటి చప్పుడు రాకుండా తలుపులూ కిటికీలూ బిగించి, ఫ్యానులు ఆపేశారు. కెమెరా వెనకాల మేనేజరు గారు చేతులు కట్టుకుని, పిల్లల పాట వినడానికొచ్చిన తండ్రిలా నిలబడ్డారు. కళ్ళజోడమ్మాయి మూడోసారి అదే ప్రశ్న అడిగింది. "మీ పనిలో బయటికి తెలియని సంగతి ఏమిటండీ?"

"నాకు వాసన తెలియడం లేదమ్మా" అన్నాను. "జ్వరం వచ్చిన రోజు నుంచీ. తాతగారి కనుబొమ్మ చూసి మార్కులు వేస్తున్నాను. వాళ్ళిద్దరికీ దీంతో సంబంధం లేదు. వాళ్ళ మార్కులు సరైనవే, నావే కొట్టేయండి. ఇరవై ఎనిమిదో తారీఖు దాకా కూడా అక్కర్లేదు, నేనే ప్యాకింగులోకి వెళ్ళిపోతాను."

మేనేజరు గారు కట్టుకున్న చేతులు విడిపోయాయి. తాతగారు స్టూలు మీదే మెల్లగా నా వైపు తిరిగారు.

"నా కనుబొమ్మా?"

"ఎడమదండీ. తప్పయిపోయింది."

"అమ్మాయ్, నా కనుబొమ్మకేం తెలుసు! నేను ఈ కొత్తపిల్ల మూతి చూసి కదా వేస్తున్నా! జ్వరం దగ్గర్నుంచి నా ముక్కు మూలపడింది. రిటైరయ్యే ముందు ప్యాకింగేమిటిరా అని నోరు మూసుకున్నా. ఇది చిన్నపిల్ల, దీని ముక్కు గట్టిది, ఇది మూతి ముడిస్తే ఏడు అనుకుని..."

అందరం కొత్తపిల్ల వైపు చూశాం. అది అప్పటికే ఏడుస్తోంది. "నాక్కూడా ఏం తెలీట్లేదు తాతగారూ. నేను ఆంటీ పెన్సిల్ చూసి వేస్తున్నా. ఆంటీకి ఇరవై రెండేళ్ళ అనుభవం కదా అని..."

బక్కాయన కెమెరా వెనక నుంచి తల బయటపెట్టి, వేలితో లెక్క కట్టాడు. "అంటే ఈవిడ ఈయన్ని చూసి, ఈయన ఈ పిల్లని చూసి, ఈ పిల్ల ఈవిడని చూసి... మరి వాసన ఎవరు చూశారండీ?"

ఎవరూ చూడలేదు. నెల రోజులుగా ఈ గదిలో ఒక్క చంకని కూడా ఎవరూ వాసన చూడలేదు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చదువుకుని, పదోన్నతి ఇవ్వదగ్గంత చక్కగా మార్కులు కలిపాం. నేను కళ్ళు మూసుకున్న రోజున ఎందుకంత గందరగోళం అయిందో అప్పుడర్థమైంది. లైట్లట, లైట్లు!

"నాటకాలా?" అని అరిచారు మేనేజరు గారు. "ముగ్గురికీ ఒకేసారి పోతుందా? కెమెరా ఉంది కదా అని తమాషాలా?" గబగబా వెళ్ళి తాళం వేసిన అలమరా తీసి, పెట్టెలో ఇంకో పెట్టెలో ఉన్న పదో నంబరు సీసా బయటికి తీశారు.

ఆ సీసా సంగతి రాయాలి. చెమట కంపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండేలా మందులు కలిపి తయారుచేసిన సరుకు అది. కొత్తగా చేరినవాళ్ళకి "పది అంటే ఇదీ" అని చెప్పడానికి, కిటికీలన్నీ తెరిచి, ఫ్యానులు పెట్టి, ఒక్క క్షణం మూత తీసి మూసేస్తారు. కొత్తపిల్ల ఆ రోజు అన్నం తినలేదు.

మేనేజరు గారు మూత తీసి నా ముక్కు కింద పెట్టారు. "ఇది కూడా తెలీట్లేదా?" తెలీట్లేదండీ. తాతగారి ముక్కు కింద పెట్టారు. తాతగారు నిండుగా పీల్చి, తల అడ్డంగా ఊపారు. కొత్తపిల్ల ఏడుపు ఆపి పీల్చి, మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడాయన తన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పీల్చారు. సీసా అటూ ఇటూ ఊపి, మళ్ళీ పీల్చారు.

"ఊరికే అంటున్నా మిమ్మల్ని. దీనికే దమ్ము పోయింది. పాత సరుకు" అన్నారు.

దఢేల్మని చప్పుడైంది. బక్కాయన తలుపు గుద్దుకుని బయటికి దూకాడు, కెమెరా వదిలేసి. కళ్ళజోడమ్మాయి చున్నీతో మొహమంతా కప్పుకుని, గోడ పట్టుకుని, "సార్! దండం పెడతాను! మూత! మూత!" అని కేకలు. వరండాలో ఎవరో ఎలక చచ్చిందన్నారు, ఇంకెవరో ఒక ఎలక కాదన్నారు. మెట్ల మీద పరుగుల చప్పుడు.

మేము నలుగురం మాత్రం ఆ గదిలో పూలతోటలో ఉన్నట్టు నిలబడ్డాం. మేనేజరు గారు తలుపు వైపు చూశారు, మా వైపు చూశారు, సీసా వైపు చూశారు. ఆ మొహంలో నా మొహం కనిపించింది నాకు. చాలా మెల్లగా అన్నారు:

"నాకు కొంచెం జలుబు."

"నాక్కూడా కొంచెం జలుబేనండీ" అన్నారు తాతగారు.

అంతే. నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకుని స్టూలు మీంచి జారి నేల మీద కూర్చున్నాను. తాతగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కొత్తపిల్ల ఏడుస్తూనే నవ్వింది. చివరికి మేనేజరు గారు కూడా నవ్వుతూ సీసాకి మూత పెట్టారు, మూడోసారికి గానీ మూత సరిగ్గా పడలేదు. ఆ కెమెరా ఎవరూ పట్టుకోకపోయినా నడుస్తూనే ఉందట.

18, మంగళవారం

నెల రోజుల మార్కులన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. మేనేజరు గారు పైవాళ్ళకి రాసిన ఉత్తరంలో మొదటి పేరు తనదే పెట్టుకున్నారు. మనిషి మీద గౌరవం పెరిగింది. ముక్కు పరీక్ష మూడు నెలలు వాయిదా వేశారు. అప్పటికీ రాకపోతే నలుగురం ప్యాకింగే. కళ్ళజోడమ్మాయి ఫోన్ చేసి, అదంతా సినిమాలో పెట్టుకోవచ్చా అని భయంభయంగా అడిగింది. పెట్టుకోమన్నాను. ఆడపడుచుకి ఆయనే చెప్తానన్నారు, మూడుసార్లు ఫోను తీసి మూడుసార్లు పెట్టేశారు.

మధ్యాహ్నం నలుగురం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎన్నాళ్ళయిందని ఆయన అడిగారు. తాతగారు నెల అన్నారు. మేనేజరు గారు ఆరు వారాలన్నారు. "ముప్ఫై ఎనిమిది రోజులు" అన్నాను నేను, ఆలోచించకుండానే. అంటే లోపల లెక్క ఒక్క రోజు కూడా తప్పకుండా నడుస్తూనే ఉందన్న మాట. వస్తుందా డాక్టరుగారూ అంటే, రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

నాకు వాసన తెలియడం లేదు. నాకు చాలా భయంగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా నాకున్న విద్య అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. డాక్టరు ఏమన్నారని అడగలేదు. లోపలికి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి పాలు తీసి, గ్లాసులో పోసి, ఆ ఎనభై ఒక్క ఏళ్ళ ముక్కు గ్లాసు అంచుకి ఆనించి చాలాసేపు చూశారు.

"బాగానే ఉన్నాయి, తాగు" అని నా చేతికిచ్చారు.

తాగాను.